ఒక ఎంబీకి ఎన్ని బైట్లు? సైజుల లైబ్రరీలో అసలు కష్టం ఎక్కడుంది

రెడిస్ అనే డేటాబేస్ కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్ తెరిస్తే పైనే, అసలు సెట్టింగులు మొదలుకాకముందే, యూనిట్ల గురించి చిన్న నోట్ ఒకటి కనిపిస్తుంది. 1ఎం అని రాస్తే 10,00,000 బైట్లు, 1ఎంబీ అని రాస్తే 1024ని 1024తో గుణించినంత, అంటే 10,48,576 బైట్లు అని అందులో ఉంటుంది. ఇప్పుడు లైనక్స్‌లో డిస్క్ ఇమేజ్‌లు కాపీ చెయ్యడానికి వాడే డీడీ కమాండ్ మాన్యువల్ తీయండి, గ్నూ వాళ్లది. అక్కడ 1ఎం అంటే 10,48,576, 1ఎంబీ అంటే 10,00,000. సరిగ్గా తలకిందులు. రెండు చోట్లా ఇది బగ్ కాదు, రెండు చోట్లా డాక్యుమెంటేషన్‌లో శుభ్రంగా రాసే ఉంది, ఎవరి లెక్క వాళ్లకి కరెక్టే. మధ్యలో ఉన్న మనిషి మాత్రం ఒక టూల్ అలవాటుతో ఇంకో టూల్‌లో టైప్ చేసి, సుమారు ఐదు శాతం తేడా ఎక్కడినుంచి వచ్చిందా అని బుర్ర గోక్కుంటాడు.

సైజుల్ని మార్చే లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడ్, రాయడం అంటే చాలామందికి చిన్న పనే అనిపిస్తుంది, 1024తో గుణించడం, 1024తో భాగించడం, ఇంకేముంది అందులో, సాయంత్రానికి అయిపోతుంది అనుకుంటారు. గుణకారం నిజంగానే చిన్న పని. కానీ ఎవరో టైప్ చేసిన "1ఎం" అనే రెండు అక్షరాలు ఏ సంఖ్య అవ్వాలి, లోపలున్న సంఖ్య స్క్రీన్ మీద ఏ అక్షరాలుగా కనబడాలి, ఈ రెండు గుమ్మాల దగ్గరే లైబ్రరీ బతుకంతా గడుస్తుంది. మధ్యలో జరిగేది ఉత్త కూడికలు తీసివేతలు.

ముందు ఈ రెండు లెక్కలు ఎందుకొచ్చాయో చూద్దాం. మెమరీ చిప్‌లో ఒక్కో అడ్రస్ లైను పెరిగినప్పుడల్లా చోటు రెట్టింపవుతుంది, పది లైన్లుంటే 1024 గదులు, కాబట్టి మెమరీ ఎప్పుడూ 2 ఘాతాల్లోనే, అంటే 2, 4, 8, 16 ఇలా రెట్టింపుల్లోనే సహజంగా వస్తుంది. 1024 అనేది 1000కి దగ్గరగా ఉంది కదా అని కిలో అనే మాటని అప్పు తెచ్చుకున్నారు, అప్పట్లో మెషిన్లలో ఉండేదే కొన్ని కిలోబైట్లు, తేడా 2.4 శాతమే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. డిస్క్‌కి అలాంటి నిర్బంధం ఏమీ లేదు, ఎన్ని ట్రాకులు పడితే అన్ని, ఎన్ని సెక్టార్లు పడితే అన్ని, అందుకని డిస్కుల వాళ్లు మామూలు పదుల లెక్కలోనే ఉండిపోయారు. పెట్టె మీద పెద్ద అంకె కనబడుతుందనే లాభం కూడా అందులో ఉంది, అది వేరే సంగతి.

ఈ రెండూ కలిపేసి ఎవరికీ చెందని మూడో లెక్క పుట్టించిన ఘనత 1.44 ఎంబీ ఫ్లాపీది. 80 ట్రాకులు, రెండు వైపులు, ట్రాక్‌కి 18 సెక్టార్లు, సెక్టార్‌కి 512 బైట్లు, మొత్తం గుణిస్తే 14,74,560 బైట్లు. దీన్ని పదుల లెక్కలో చూస్తే 1.47 ఎంబీ, 1024ల లెక్కలో చూస్తే 1.41. మరి 1.44 ఎక్కడిది? 1.44ని ఒకసారి 1024తో గుణించి ఇంకోసారి 1000తో గుణించారన్నమాట, అంటే అక్కడ ఒక ఎంబీ విలువ 10,24,000 బైట్లు. కోట్ల ఫ్లాపీల మీద ఈ అంకె అచ్చయిపోయింది, ఎవరూ అడగలేదు.

సైజులు పెరిగేకొద్దీ ఈ తేడా కూడా వడ్డీ మీద వడ్డీలాగా పెరుగుతుంది. కిలో దగ్గర 2.4 శాతం, మెగా దగ్గర దాదాపు 4.9, గిగా దగ్గర 7.4, టెరా దగ్గర దగ్గరదగ్గర 10, పెటా దాకా వెళ్తే 12.6. మన అంకెల్లో చెప్పుకుంటే మెగా అంటే పది లక్షలు, గిగా అంటే వంద కోట్లు, టెరా అంటే లక్ష కోట్లు. 1 టీబీ అని రాసున్న డిస్క్‌లో నిజంగానే లక్ష కోట్ల బైట్లుంటాయి, దాన్ని విండోస్ 1024ల లెక్కలో భాగించి 931 అని చూపించి పక్కన జీబీ అని రాస్తుంది, జనం ఏమో 69 జీబీ ఎవరు తినేశారు అని అడుగుతారు. ఎవరూ తినలేదు, కొలిచిన కర్ర మారింది అంతే. ఈ గొడవ అమెరికాలో కోర్టుల దాకా కూడా వెళ్లింది, వెస్టర్న్ డిజిటల్ 2006లో, సీగేట్ 2007లో రాజీ చేసుకుని బయటపడ్డాయి.

దీనికి మందు ఎప్పుడో వచ్చింది. 1998 డిసెంబర్‌లో ఐఈసీ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1024ల లెక్కకి వేరే పేర్లు పెట్టింది, కిబీ, మెబీ, గిబీ, టెబీ అని, రాసేటప్పుడు ఎం, బీ మధ్యలో చిన్న ఐ ఒకటి పెట్టాలన్నమాట. అప్పటినుంచి రూల్ ప్రకారం మెగాబైట్ అంటే పది లక్షలే, 10,48,576 కావాలంటే మెబీబైట్ అనాలి. ఆ పేర్లు నోటికి వింతగా ఉన్నాయని నవ్వినవాళ్లున్నారు, ఇప్పటికీ మాటల్లో మెబీబైట్ అనే మనిషి అరుదు, కానీ కాగితం మీద ఆ చిన్న ఐ ఒక్కటే అనుమానం లేకుండా చేసే అక్షరం. యాపిల్ 2009లో స్నో లెపర్డ్‌తో ఫైల్ సైజుల్ని పదుల లెక్కకి మార్చేసింది, ఆండ్రాయిడ్ 8 నుంచి వాళ్ల ఫార్మాటర్ కూడా అటే వెళ్లింది, విండోస్ ఇంకా పాత లెక్కలోనే ఉంది, లైనక్స్ కెర్నల్ మెమరీ వివరాలిచ్చే ఫైల్‌లో కేబీ అని రాసి 1024ల లెక్క ఇస్తూనే ఉంది. అంటే ఒకే ఫైల్ రెండు మెషిన్లలో రెండు సైజుల్లో కనబడొచ్చు, రెండూ నిజమే.

సరే, ఇప్పుడు కోడ్‌లోకి వద్దాం. చాలా ప్రాజెక్టుల్లో సైజ్ అనేది ఉత్త పూర్ణాంకంగానే తిరుగుతూ ఉంటుంది, మ్యాక్స్ సైజ్ అని ఒక వేరియబుల్, విలువ 10. పది ఏంటి? బైట్లా, ఎంబీలా? పేరులో లేదు, టైపులో లేదు, రాసినవాడి మనసులో ఉంది, ఆ మనిషి ఉద్యోగం మారిపోయాడు. టైమ్ విషయంలో ఈ పాఠం అందరూ ఎప్పుడో నేర్చుకున్నారు, జావాలో డ్యూరేషన్, డాట్‌నెట్‌లో టైమ్‌స్పాన్ లాంటి టైపులున్నాయి కాబట్టి ఇవి సెకన్లా మిల్లీసెకన్లా అనే గొడవ తగ్గింది. సైజుకి కూడా అదే వైద్యం. జావాలో బాగా వాడే స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ 2018లో వచ్చిన 5.1 వెర్షన్‌లో డేటాసైజ్ అని ఒక క్లాస్ ఇచ్చింది, లోపల చూస్తే ఏమీ లేదు, ఒక 64 బిట్ల పూర్ణాంకం, అందులో బైట్లు, అంతే. అదే సరైన డిజైన్ కూడా.

ఎందుకంటే లోపల విలువని, యూనిట్‌ని జంటగా దాచుకుందాం, 5 అనేది ఒక ఫీల్డ్, ఎంబీ అనేది ఇంకో ఫీల్డ్, అనే ఆలోచన మొదట్లో అందరికీ వస్తుంది, చూడ్డానికి బానే ఉంటుంది. కానీ అప్పుడు 1 కేబీ, 1024 బైట్లు రెండూ ఒకటేనా కాదా? రెండూ సమానమా అని చూసే ఈక్వల్స్ రాయాలంటే ముందు రెండింటినీ బైట్లలోకి మార్చాలి, వెతుకులాటకి వాడే హ్యాష్ రాయాలన్నా మార్చాలి, పోల్చాలన్నా కూడాలన్నా మార్చాలి, 1 జీబీకి 3 బైట్లు కలిపితే వచ్చే జవాబుకి ఏ యూనిట్ పెట్టాలనేది ఇంకో తగాదా. ప్రతి పనికీ బైట్లలోకి దిగాల్సిందే అయినప్పుడు మొదటినుంచీ అక్కడే ఉంటే పోలా. యూనిట్ అనేది మనిషి చదువుకోవడానికి వేసే చొక్కా, లోపల ఒళ్లు ఎప్పుడూ బైట్లే.

టైప్ ఒకటి పెట్టుకుంటే ఇంకో లాభం ఉంది, అర్థం లేని లెక్కలు కంపైలరే ఆపేస్తుంది. సైజుకి సైజు కలపొచ్చు, సైజుని మామూలు అంకెతో గుణించొచ్చు, సైజుని సైజుతో గుణిస్తే మాత్రం ఏమొస్తుంది, చదరపు బైట్లా? సైజుని సైజుతో భాగిస్తే యూనిట్ లేని ఉత్త సంఖ్య రావాలి, ఎన్ని ముక్కలయ్యాయి అని, అక్కడ కూడా మిగిలిన చిన్న ముక్కని లెక్కలోకి తీసుకుంటున్నామా వదిలేస్తున్నామా అనేది మెథడ్ పేరులోనే తెలిసిపోవాలి, లేకపోతే అప్‌లోడ్‌లో చివరి ముక్క ఎగిరిపోతుంది. సైజుని టైమ్‌తో భాగిస్తే వచ్చేది స్పీడ్, అది వేరే టైప్. మైనస్ సైజు ఉండొచ్చా అనేది ఒక్కో లైబ్రరీ ఒక్కోలా తేల్చుకుంది, ఫైల్‌కి మైనస్ సైజు ఉండదు నిజమే కానీ నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంత అంటే మైనస్ రావొచ్చు కదా, డేటాసైజ్‌లో అయితే మైనస్‌కి అడ్డు లేదు.

ఇక యూనిట్ మార్చి బయటికి తీసే మెథడ్‌లు. డేటాసైజ్‌లో 10,48,575 బైట్లు పెట్టి మెగాబైట్లలో ఇవ్వమంటే జవాబు 0 వస్తుంది. ఒక్క బైట్ తక్కువైంది కాబట్టి సున్నా, ఎందుకంటే అది పూర్ణాంక భాగాహారం, దశాంశం తర్వాతది కోసి పారేస్తుంది. ఇది తెలిసి వాడితే ఫర్లేదు, తెలియక ఆ జవాబుని మళ్లీ ఇంకో లెక్కలో పెట్టేవాళ్ల సంగతే చిక్కు. బైట్లలోకి రావడం ఎప్పుడూ నష్టం లేని ప్రయాణం, బైట్ల నుంచి పైకి ఎక్కడం మాత్రం దారిలో ఏదో ఒకటి జారవిడుచుకునే ప్రయాణం, అందుకే ఆ రెండూ ఒకే మోస్తరు పేర్లతో పక్కపక్కన ఉంచడం అంత మంచి పద్ధతి కాదు.

పొంగిపోవడం, అంటే లెక్క కేటాయించిన బిట్లలో పట్టకపోవడం గురించి కూడా చెప్పుకోవాలి. జావాలో లాంగ్ అనే 64 బిట్ల వేరియబుల్‌లో పెడుతున్నాం కదా అని ధీమాగా 4 ఇంటూ 1024 ఇంటూ 1024 ఇంటూ 1024 అని రాస్తే అందులో పడేది 4 జీబీ కాదు, సున్నా. కుడివైపు ఉన్నవన్నీ 32 బిట్ల అంకెలు, గుణకారం మొత్తం 32 బిట్లలోనే జరిగిపోయి, సరిగ్గా 2 పవర్ 32 దగ్గర తిరిగి మొదటికొచ్చి, ఆ తర్వాత తీరిగ్గా లాంగ్‌లోకి మారుతుంది. 4 బదులు 2 రాసుంటే మైనస్ 2,14,74,83,648 వచ్చేది, అది కనీసం కంటికి కనబడి అనుమానం వస్తుంది, సున్నా చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. దానికి తోడు కొన్ని చోట్ల సున్నా అంటే లిమిట్ లేదు అని అర్థం, ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్‌లో రిక్వెస్ట్ బాడీకి పెట్టే గరిష్ఠ సైజ్ సెట్టింగ్‌లో 0 పెడితే అసలు చెకింగే ఆగిపోతుంది. 4 జీబీ గీత గీద్దామనుకుంటే గీతే చెరిగిపోయిందన్నమాట. లైబ్రరీ అయితే లోపల గుణించేటప్పుడు పొంగిందా లేదా చూసుకుని ఎర్రర్ విసరాలి, స్ప్రింగ్ వాళ్లు జావాలోని మల్టిప్లై ఎగ్జాక్ట్ అనే ఫంక్షన్ వాడి అదే పని చేశారు.

64 బిట్ల పూర్ణాంకం ఎంతదాకా సరిపోతుంది అంటే 8 ఎక్స్‌బీబైట్లకి ఒక్క బైట్ తక్కువ దాకా, పదుల లెక్కలో 9.22 ఎక్సాబైట్లు. కాబట్టి యూనిట్ల లిస్టులో జెటాబైట్, యోటాబైట్ అని అలంకారంగా పెట్టుకుని లోపల 64 బిట్లే వాడే లైబ్రరీ, ఆ యూనిట్‌లో ఒక్కటి కూడా పట్టుకోలేదు. జావాస్క్రిప్ట్‌లో గోడ ఇంకా ముందే వస్తుంది, అక్కడ మామూలు నంబర్ 2 పవర్ 53 దాకానే పూర్ణాంకాల్ని తప్పు లేకుండా పట్టుకుంటుంది, అది దాదాపు 9 పెటాబైట్లు. ఒక ఫైల్‌కి అది చాలా ఎక్కువే, ఒక పెద్ద స్టోరేజ్ క్లస్టర్ మొత్తం కూడితే మాత్రం అంత దూరమేమీ కాదు, ఆ పైన ఎంత పెద్ద పూర్ణాంకాన్నైనా పట్టుకునే బిగ్‌ఇంట్‌కి మారాల్సిందే.

చదివే గుమ్మం దగ్గరికి వద్దాం, అంటే పార్సింగ్, టైప్ చేసిన అక్షరాల్ని సంఖ్యగా మార్చడం. ఇక్కడ ఎన్ని రకాల గుంటలున్నాయో చెప్పడం కష్టం.

అక్షరం చిన్నదా పెద్దదా అనే దగ్గర మొదలవుతుంది. రెడిస్‌కి పట్టింపు లేదు, ఎలా రాసినా ఒకటే. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ కాన్ఫిగ్‌లో పట్టింపు ఉంది, కేబీలో కే చిన్నదిగానే ఉండాలి, అలా ప్రమాణం ప్రకారం చిన్న కే రాయమంటూనే లెక్క మాత్రం 1024లది పెట్టుకున్నారు, అదొక సరదా. సర్వర్లలో ప్రోగ్రాముల్ని నడిపించే కుబర్‌నెటీస్‌లో అయితే చిన్న ఎంకీ పెద్ద ఎంకీ మధ్య ఆకాశానికీ పాతాళానికీ ఉన్నంత దూరం, పెద్ద ఎం అంటే మెగా, చిన్న ఎం అంటే మిల్లీ, అంటే వెయ్యో వంతు. సీపీయూకి 400 చిన్న ఎం అని రాయడం రోజూ చేసే పనే, అదే చేత్తో మెమరీకి కూడా 400 చిన్న ఎం రాసేస్తే అడిగినట్టయ్యేది 400 మెగాబైట్లు కాదు, 0.4 బైట్లు. బైట్‌లో సగం కూడా లేదు. వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే దీని గురించి హెచ్చరిక ఉంది, ఎంతమంది చేసుంటే అక్కడిదాకా వచ్చుంటుందో ఊహించుకోవచ్చు.

అక్షరం బీ దగ్గర కూడా ఇదే కథ. పెద్ద బీ బైట్, చిన్న బీ బిట్ అని అందరం చదువుకున్నాం, నెట్‌వర్క్ వాళ్లు బిట్లలో మాట్లాడతారు, 100 మెగాబిట్ల కనెక్షన్‌లో సెకనుకి వచ్చేది 12.5 మెగాబైట్లు, అక్కడ మెగా ఎప్పుడూ పది లక్షలే. కానీ మనుషులు టైప్ చేసేటప్పుడు ఈ తేడా ఎవరు పాటిస్తారు, చిన్న అక్షరాల్లో ఎంబీ అని రాసినవాడు బిట్లు అడిగాడని ఒక స్టోరేజ్ లైబ్రరీ అనుకుంటే అది తెలివి కాదు, మొండితనం. అలాగని బిట్లూ బైట్లూ రెండూ తీసుకునే లైబ్రరీ అక్షరం సైజుని పట్టించుకోకపోతే ఎనిమిది రెట్ల తేడా. డీడీలో అయితే చిన్న బీ బిట్టూ కాదు బైటూ కాదు, 512 బైట్ల బ్లాక్.

అసలు యూనిట్టే రాయకపోతే? డేటాసైజ్ పార్స్‌లో బైట్లు అనుకుంటుంది, ఎన్‌జింక్స్ కూడా అంతే. పోస్ట్‌గ్రెస్‌లో షేర్డ్ బఫర్స్ అనే సెట్టింగ్‌కి యూనిట్ లేకుండా 128 అని రాస్తే అవి మామూలుగా 8 కేబీల బ్లాకులు, మొత్తం 1 ఎంబీ. అదే ఫైల్‌లో ఇంకో నాలుగు లైన్ల కింద వర్క్ మెమ్ అనే సెట్టింగ్‌కి 128 అని రాస్తే అవి కేబీలు. ఒకే ఫైల్, ఒకే అంకె, రెండు అర్థాలు. కొత్తగా లైబ్రరీ రాసేవాళ్లు యూనిట్ లేని అంకెని తీసుకోకుండా ఎర్రర్ ఇవ్వడమే మేలు, వాడేవాళ్లు మొదటి రోజు విసుక్కుంటారు, ఆ విసుగు చవకే.

తర్వాత దశాంశాలు. డేటాసైజ్ 1.5 ఎంబీ అంటే తీసుకోదు, పూర్ణాంకాలే కావాలంటుంది, చాలామంది దీన్ని లోపం అంటారు కానీ ఆ నిర్ణయం వెనక న్యాయం ఉంది. 1.005 కిలోబైట్లు అనే మాటని 1000తో గుణిస్తే 1005 బైట్లు రావాలి, చేతి లెక్కలో ఎవరికైనా వస్తుంది. కంప్యూటర్ దశాంశాల్ని దాచుకునే ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతిలో 1.005 అనే సంఖ్య ఖచ్చితంగా ఉండదు, దానికి కొంచెం తక్కువది ఉంటుంది, గుణిస్తే 1004.9999999999999 వస్తుంది, దాన్ని పూర్ణాంకంగా కోస్తే 1004. ఒక బైట్ పోయింది. దశాంశాలు తీసుకోవాలనుకుంటే అక్షరాల్ని నేరుగా డెసిమల్ టైప్‌లోకి చదవాలి, గుణించాక కూడా బైట్‌లో ముక్క మిగిలితే ఏం చెయ్యాలో ముందే రాసి పెట్టుకోవాలి, పైకా కిందకా లేక ఎర్రరా. 1.46 ఎంబీని 1024ల లెక్కలో విప్పితే 15,30,920.96 బైట్లు, ఆ పాయింట్ 96ని ఏ డిస్కూ దాచుకోలేదు.

రాసే గుమ్మం, అంటే ఫార్మాటింగ్, దీనికంటే తేలికనిపిస్తుంది, కానీ దానిదీ ఒక కథుంది. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్ నుంచి, కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లోని ప్రాజెక్టుల్లోకి అన్నిటికంటే ఎక్కువగా కాపీ అయిన జావా కోడ్ ముక్క ఏది అని చూస్తే, బైట్లని మనిషి చదివేలా మార్చే చిన్న ఫంక్షనే తేలింది. అందులో బగ్ ఉందని దాన్ని రాసినాయనే 2019లో వివరంగా చెప్పాడు. 9,99,999 బైట్లు ఇస్తే 1.0 ఎంబీ రావాల్సిన చోట 1000.0 కేబీ అని వస్తుంది. ఎందుకంటే లాగరిథమ్‌తో ముందు యూనిట్ ఎంచుకుంటుంది, మెగాకి ఒక్క బైట్ తక్కువ కాబట్టి కిలో అని తేలుస్తుంది, 999.999 వస్తుంది, తర్వాత ఒక దశాంశ స్థానానికి సవరిస్తే అది 1000.0 అయి కూర్చుంటుంది. 1024ల లెక్కలో కూడా అంతే, 10,48,575 ఇస్తే 1024.0 వస్తుంది. విరుగుడు ఏంటంటే సవరించాక కూడా ఒకసారి చూసుకోవాలి, పై యూనిట్ దాకా పాకిందేమో అని. మరీ పెద్ద సంఖ్యల దగ్గర లాగరిథమే ఫ్లోటింగ్ పాయింట్ వల్ల జారుతుంది, అందుకని చివరికి పూర్ణాంకాలతో పోల్చుకుంటూ పోయే పాత పద్ధతే నమ్మకమైనదని తేలింది. 64 బిట్ల అతి చిన్న మైనస్ సంఖ్య ఇంకో మూల, దాని గుర్తు తీసేసి ప్లస్ చేద్దామంటే మళ్లీ మైనస్సే వస్తుంది, ఎందుకంటే అంత పెద్ద ప్లస్ సంఖ్యకి ఆ బిట్లలో చోటు లేదు.

ఫార్మాట్ చేసిన మాటని మళ్లీ చదివి వెనక్కి తెచ్చుకుందాం అనుకోవడం ఇంకో పొరపాటు. 15,36,000 బైట్లు 1.46 ఎంబీగా కనబడుతుంది, దాన్ని వెనక్కి చదివితే పైన చూసిన 15,30,920 చిల్లర వస్తుంది, ఐదు వేల పైచిలుకు బైట్లు గాల్లో కలిసిపోయాయి. కాబట్టి డేటాబేస్‌లో, ఏపీఐ జవాబుల్లో బైట్లే ఉండాలి, కాలమ్ పేరులో కూడా బైట్స్ అని ఉంటే ఇంకా మంచిది, అందమైన రూపం స్క్రీన్ దాకా వచ్చాకే. సార్టింగ్‌లో కూడా ఇదే దెబ్బ, అక్షరాల్లో ఉంచేస్తే 10 ఎంబీ ముందొచ్చి 9 ఎంబీ వెనక నిలబడుతుంది, గ్నూ సార్ట్ కమాండ్‌లో ఇలాంటి సైజుల కోసం ప్రత్యేకంగా ఒక ఆప్షన్ పెట్టాల్సి వచ్చింది.

ఇన్ని చూశాక, ఏ లెక్క పెట్టుకోవాలి అనే ప్రశ్న ఉండనే ఉంది. పైథాన్‌లో హ్యూమనైజ్ లైబ్రరీ మామూలుగా పదుల లెక్క చూపిస్తుంది, బైనరీ కావాలంటే అడగాలి. స్విఫ్ట్‌లో బైట్‌కౌంట్ ఫార్మాటర్ ఇది ఫైలా మెమరీనా అని అడిగి దాన్నిబట్టి నడుచుకుంటుంది, ఇది కొంచెం మర్యాదైన పద్ధతి. ప్రోగ్రాముల్ని కంటైనర్లలో నడిపే డాకర్ వాళ్ల గో యూనిట్స్ లైబ్రరీలో అయితే రెండు లెక్కలకీ వేరువేరు ఫంక్షన్లున్నాయి, హ్యూమన్‌సైజ్ అంటే పదులది, బైట్స్‌సైజ్ అంటే 1024లది. పేర్లు చూసి ఏది ఏదో చెప్పగలిగినవాడికి దండం పెట్టాలి, హ్యూమన్ అంటే పది వేళ్లున్నవాడు అని గుర్తుపెట్టుకోవాలేమో. ఆ ప్రభావం బయటికి కూడా కనబడుతుంది, ఇమేజ్‌ల లిస్ట్ అడిగితే డాకర్ పదుల లెక్కలో ఎంబీలు చెప్తుంది, స్టాట్స్ అడిగితే మెబీబైట్లు చెప్తుంది. కనీసం అక్కడ చిన్న ఐ పెట్టి నిజాయితీగా చెప్తుంది.

స్ప్రింగ్ డేటాసైజ్ మాత్రం కేబీ, ఎంబీ అనే పేర్లే ఉంచి 1024ల లెక్క పెట్టుకుంది, చిన్న ఐ ఉన్న పేర్లు అందులో లేవు. ప్రమాణం వచ్చి ఇరవై ఏళ్లయ్యాక రాసిన కోడ్‌లో ఇలా చెయ్యడం తప్పు అని వాదించొచ్చు, కానీ జావా ప్రపంచంలో కాన్ఫిగ్ ఫైళ్లలో 10 ఎంబీ అని రాసే అందరూ అప్పటికే 1024ల లెక్కే ఆశిస్తున్నారు, వాళ్ల అలవాటుని గౌరవించారు అనుకోవచ్చు. మొదటినుంచీ కొత్తగా రాసేవాళ్లకైతే ఆ సాకు లేదు. చిన్న ఐ ఉంటే 1024, లేకపోతే 1000, ఒక్క అక్షరం ఎం ఉంటే తీసుకోం అని మొండిగా చెప్పేస్తే సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి, అసలు ఒంటరి అక్షరానికి అర్థం ఊహించడమే కదా రెడిస్‌నీ డీడీనీ చెరో దిక్కూ నిలబెట్టింది.

ఈ నిర్ణయం మొదటి రోజే ఎందుకు తీసుకోవాలి అంటే తర్వాత మార్చడానికి ఉండదు కాబట్టి. లైబ్రరీ బయటికెళ్లాక ఎంబీ అర్థం మారిస్తే ఎవరి కోడూ విరగదు, కంపైల్ అవుతుంది, టెస్టులు కూడా చాలావరకు పాసవుతాయి, లిమిట్‌లు మాత్రం చడీచప్పుడు లేకుండా ఐదు శాతం అటో ఇటో జరుగుతాయి, నిన్నటిదాకా వెళ్లిన ఫైల్ ఇవాళ వెళ్లదు. పీహెచ్‌పీ కథ ఇందుకు సాక్ష్యం. ఆ వెబ్ ప్రోగ్రామింగ్ భాషలో ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైల్‌లో 64 పక్కన ఒక్క ఎం రాయాలి. ఎవరైనా అందరిలాగే 64 ఎంబీ అని రాస్తే, అది చివరి అక్షరం మాత్రమే చూసేది, చివర్లో ఉన్నది బీ, బీ అనే యూనిట్ దానికి తెలీదు, కాబట్టి యూనిట్ లేదనుకుని 64 బైట్లు అని పెట్టుకునేది. ఒక్క మాట అనేది కాదు. ఏళ్ల తరబడి అలాగే నడిచింది, చివరికి 8.2 వెర్షన్‌లో వార్నింగ్ ఇవ్వడం మొదలుపెట్టారు, ఈ బీ ఏంటో నాకు అర్థం కాలేదు, పాతవాటితో పొసగాలి కాబట్టి దీన్ని 64గానే తీసుకుంటున్నా అని ఆ వార్నింగే చెప్తుంది, చెప్పి మళ్లీ 64 బైట్లే పెట్టుకుంటుంది.